యుద్ధం మళ్లీ ముంచుకురాకముందే మాట్లాడుకోమని గట్టిగా అడుగుదాం!



భారత్, పాకిస్తాన్ మధ్య మళ్లీ యుద్ధం వస్తుందా? 2025 మే 10 సాయంత్రం కాల్పులు ఆగినప్పటి నుంచి టీకొట్టు దగ్గరా బస్సులోనూ రచ్చబండ మీదా ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. మా జవాబు సూటిగా చెబుతున్నాం. ప్రమాదం ఉంది, ఇదివరకటి కన్నా ఎక్కువగా ఉంది. రెండు ప్రభుత్వాలూ యుద్ధానికి ముహూర్తం పెట్టుకున్నాయని కాదు. గొడవ ముదిరినప్పుడు పట్టి ఆపే ఏర్పాట్లను ఒక్కొక్కటిగా ఊడబెరికేశారు. బ్రేకులు తీసేసిన బస్సు ఘాట్ రోడ్డు దిగుతున్నట్టుంది పరిస్థితి. ఆ బస్సులో మనమూ ఉన్నాం. బ్రేకులు మళ్లీ బిగించమని అడగడానికే ఈ కరపత్రం.

ఈసారి మీట ఎవరి చేతిలో ఉంది?

2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. సెలవులకని భార్యాబిడ్డలతో వెళ్లినవాళ్లను వాళ్ల కళ్లెదుటే చంపారు. చనిపోయినవాళ్లలో మన విశాఖ మనిషి ఉన్నాడు, మన కావలి మనిషి ఉన్నాడు. ఆ ఘాతుకాన్ని ఏ సాకుతోనూ సమర్థించలేం. చేసినవాళ్లకూ చేయించినవాళ్లకూ శిక్ష పడాల్సిందే.

మే 7 తెల్లవారుజామున మన సైన్యం ఆపరేషన్ సిందూర్ పేరుతో పాకిస్తాన్‌లోనూ పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ తొమ్మిది చోట్ల దాడి చేసింది. నాలుగు రోజులు క్షిపణులు, డ్రోన్లు, ఫిరంగులు మోగాయి. కాల్పులు ఆగాక మన ప్రభుత్వం ఒక మాట ప్రకటించింది. ఆపరేషన్‌కు విరామమే ఇచ్చామని, ఇకపై ఉగ్రదాడి జరిగితే దాన్ని యుద్ధచర్యగానే చూస్తామని. అంతకుముందే సింధు నదీజలాల ఒప్పందాన్ని పక్కన పెట్టింది. ఆ నీళ్లను ఆపినా మళ్లించినా యుద్ధచర్యగానే చూస్తామని పాకిస్తాన్ అంది.

ఈ రెండు మాటలనూ కలిపి చూడండి. రేపు యుద్ధం మొదలవ్వాలా వద్దా అన్నది ఢిల్లీ చేతిలో ఉందా, ఇస్లామాబాద్ చేతిలో ఉందా? తుపాకులు పట్టిన నలుగురైదుగురి ముఠా చేతిలోకి పోయింది! నూట డెబ్బై కోట్ల మంది బతుకులకు సంబంధించిన నిర్ణయాన్ని అలాంటివాళ్ల చేతిలో పెట్టడం మనకు భద్రతా?

నిదానించడం చేతకానితనం కాదని ఆ తర్వాత చూశాం. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలి పదిమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం దాన్ని ఉగ్రవాద చర్యేనని ప్రకటించింది, దర్యాప్తును జాతీయ దర్యాప్తు సంస్థకు అప్పగించింది, అరెస్టులు జరిగాయి. యుద్ధం రాలేదు. ఆ నిదానం ప్రతిసారీ ఉండాలంటే దానికొక పద్ధతి కావాలి, పలకరించుకునే దారి కావాలి.

నాలుగు రోజుల్లో ఏం పోయిందో గుర్తుందా?

మే 7న పూంఛ్ పట్టణం మీద ఫిరంగి గుండ్లు పడ్డాయి. అక్కడ పదిమందికి పైగా మామూలు జనం చనిపోయారు. గురుద్వారా దెబ్బతింది. ఒకే ఇంట్లో కవల పిల్లలు, అక్కా తమ్ముడూ ఇద్దరూ, ఒకేరోజు పోయారు. సరిహద్దుకు అవతల కూడా పిల్లలు చనిపోయారు, ఆ తల్లుల ఏడుపూ ఏడుపే. మన శ్రీసత్యసాయి జిల్లాలోని ఒక తండా నుంచి వెళ్లిన యువ జవాను నియంత్రణ రేఖ దగ్గర అమరుడయ్యాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు. జమ్మూ, శ్రీనగర్, పంజాబ్‌లలో చదువుకుంటున్న మన పిల్లలు సంచులు సర్దుకుని ఢిల్లీలోని ఆంధ్రా భవన్‌కూ తెలంగాణ భవన్‌కూ చేరుకున్నారు. వాళ్లు ఇల్లు చేరేదాకా ఇక్కడ కన్నవాళ్లు ఫోన్ కింద పెట్టలేదు.

యుద్ధం ఉత్తరాదిదే, మనదాకా రాదని ఎవరైనా అంటే విశాఖ ఆర్కే బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపాన్ని చూపించండి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ తీరానికే వచ్చి మునిగింది. అది యాభై ఏళ్ల కిందటి మాట. ఇప్పటి క్షిపణులకు విశాఖ అయినా హైదరాబాద్ అయినా దూరం కాదు. 2025 మే 7న ఈ రెండు నగరాల్లోనూ సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేయించింది ఊరికే కాదు.

పొరపాటున కూడా యుద్ధం రావచ్చు

2019 ఫిబ్రవరి 27న, పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వాయుసేన దాడి చేసిన మర్నాడు, ఆ హడావిడిలో మన క్షిపణే మన హెలికాప్టర్‌ను బడ్గాం దగ్గర కూల్చేసింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు బలైపోయారు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అదృష్టం, ఎవరూ చావలేదు. పొరపాటే జరిగిందని మన ప్రభుత్వం ఒప్పుకుంది, ముగ్గురు అధికారులను ఉద్యోగం నుంచి తీసేసింది. పాకిస్తాన్ తిరిగి కొట్టలేదు. ఎందుకు కొట్టలేదు? అప్పటికి నియంత్రణ రేఖ మీద కాల్పులు ఆగి ఏడాది దాటింది కాబట్టి, మనసులు కాస్త చల్లబడి ఉన్నాయి కాబట్టి. అదే క్షిపణి 2025 మే 9 రాత్రి పొరపాటున వెళ్లి ఉంటే? ఆ రాత్రి ఎవరు ఎవరి మాట నమ్మేవాళ్లు?

రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయి. స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ సిప్రి 2025 అంచనా ప్రకారం మన దగ్గర 180, వాళ్ల దగ్గర 170. ముందుగా వాడబోమని మన దేశం మాటిచ్చింది. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. క్షిపణి ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికి పట్టేది కొన్ని నిమిషాలు. అది నిజమో పొరపాటో తేల్చుకోవడానికి అవతలివాణ్ని అడిగే ఫోన్ ఉండాలి, ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి.

2019 ఆగస్టు నుంచి ఢిల్లీలో పాకిస్తాన్ హైకమిషనర్ లేడు, ఇస్లామాబాద్‌లో మన హైకమిషనర్ లేడు. 2025లో ఉన్న సిబ్బందినీ తగ్గించుకున్నారు. సార్క్ నాయకుల సమావేశం 2014 తర్వాత జరగలేదు. ప్రధానంగా మిగిలింది సైనికాధికారుల హాట్‌లైన్. 2025 మే 10న కాల్పులు ఆగింది ఆ ఫోన్‌లో మాట్లాడుకున్నాకే.

మాట్లాడితే ఏం ఒరుగుతుందంటారా?

మాట్లాడడం పిరికితనమని అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చెబుదాం. కార్గిల్ యుద్ధంలో 527 మంది జవాన్లను పోగొట్టుకున్న దేశం మనది. ఆ తర్వాత రెండేళ్లకే పార్లమెంటు మీద దాడి జరిగింది. సైన్యాలు నెలల తరబడి సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డాయి. అప్పుడు ప్రధానిగా ఉన్న అటల్ బిహారీ వాజపేయి 2004 జనవరిలో ఇస్లామాబాద్ వెళ్లారు. తమ అధీనంలోని భూభాగాన్ని ఉగ్రవాదానికి వాడుకోనివ్వబోమని అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ చేత ఉమ్మడి ప్రకటనలో రాయించుకుని వచ్చారు. వాజపేయిని పిరికివాడని ఎవరైనా అంటారా?

2003 నవంబరులో కాల్పుల విరమణ కుదిరాక నియంత్రణ రేఖ పొడవునా కొన్నేళ్లపాటు ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అది చెడిపోయాక 2021 ఫిబ్రవరిలో మళ్లీ ఉమ్మడి ప్రకటన వచ్చింది, నాలుగేళ్లు తుపాకులు దాదాపు మూగబోయాయి. రైతులు కంచె దాకా వెళ్లి పంట కోసుకున్నారు, పిల్లలు బడికి వెళ్లారు. ఇదంతా మాటలతో వచ్చిందే.

మాట చెల్లుతుందనడానికి ఇంకో రుజువు. అణు కేంద్రాల మీద దాడి చేసుకోకూడదని 1988లో ఒప్పందం రాసుకున్నారు. ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. 2025 ఆగస్టులో సింధు ఒప్పందం పక్కన ఉన్నా, తావి నదికి వరద వస్తోందని మన దేశం మానవతతో అవతలికి కబురు పంపింది. శత్రువులైనా ఇంతపాటి పని చేయగలరు. చేయించాల్సింది మనమే.

మన మత్స్యకారులను అడగండి

శ్రీకాకుళం తీరంలో పడవలు నిలిపే జెట్టీలు సరిగా లేక, వేట గిట్టక, మన కుర్రాళ్లు ప్రతి ఏడాదీ గుజరాత్ వెరావల్ వెళ్లి బోట్ల మీద తండేళ్లుగా, కలాసీలుగా పనిచేస్తారు. సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలలేదు. నీటి మీద గీత కనబడదు. 2018 చివర్లో ఉత్తరాంధ్ర జాలర్లు ఇరవై మందికి పైగా అలాగే పట్టుబడి కరాచీ జైలుకు పోయారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా గుండా ఇంటికి వచ్చారు. దాని మీద సినిమా వచ్చింది, చూసి కన్నీళ్లు పెట్టుకున్నాం. కానీ ఆ ఏడాదికి పైగా కాలంలో అప్పులు తీర్చుకుంటూ, పిల్లల్ని సాకుతూ, కలెక్టరాఫీసు మెట్లెక్కి దిగింది వాళ్ల ఆడవాళ్లు.

2025 జూలై 1న రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకున్న జాబితాల ప్రకారం పాకిస్తాన్ జైళ్లలో మనవాళ్లుగా చెబుతున్న మత్స్యకారులు 193 మంది, మన జైళ్లలో వాళ్ల మత్స్యకారులు 81 మంది. యుద్ధ వాతావరణం ఉన్నంతకాలం ఈ పేదవాళ్ల విడుదల గురించి అడిగే గొంతే ఉండదు. ఆ గొంతు మనం కావాలి.

అందుకే మన డిమాండ్లు:

1. పాకిస్తాన్ తన గడ్డ మీది ఉగ్రవాద ముఠాలను అణచివేయాలి. 2004లో రాసిచ్చిన మాటకు కట్టుబడాలి. దాడి జరిగినప్పుడు మన ప్రభుత్వం ఆధారాలను ప్రజల ముందూ ప్రపంచం ముందూ పెట్టాలి.

2. రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లను తిరిగి నియమించాలి. సైనిక హాట్‌లైన్‌కు తోడు ప్రభుత్వ పెద్దల మధ్య కూడా అత్యవసర ఫోన్ ఉండాలి.

3. నియంత్రణ రేఖ మీద 2021 ఫిబ్రవరి ఒప్పందాన్ని ఇరువైపులా మళ్లీ రాతపూర్వకంగా ఖాయం చేయాలి.

4. పొట్టకూటి కోసం గీత దాటిన జాలర్లను జైల్లో పెట్టకుండా బోటుతో సహా వెనక్కి పంపాలి. ఉన్నవాళ్లను విడిచిపెట్టాలి.

5. సింధు జలాల మీద కనీసం వరద సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం నిలబెట్టి, మిగతా చిక్కులను బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి.

మీరేం చేయగలరు?

మీ పార్లమెంటు సభ్యుడికి ఒక పోస్టు కార్డు రాయండి. పై ఐదింటిలో మీకు నచ్చిన ఒక్కటైనా రాసి, జవాబివ్వమని అడగండి. జనవరి 1, జూలై 1 తేదీల్లో రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఆ రోజుల్లో మీ మండల కేంద్రంలో నలుగురు కలిసి నిలబడండి, మత్స్యకారుల సంఘాలను పిలవండి. గ్రామసభలో శాంతి తీర్మానం పెట్టండి.

వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు పంపకండి. 2025 మే నెలలో కరాచీ రేవు నాశనమైందనీ ఇస్లామాబాద్ మనవాళ్ల చేతికి వచ్చిందనీ టీవీలు రాత్రంతా చెప్పాయి. అవన్నీ అబద్ధాలని తెల్లారేసరికి తేలింది. యుద్ధం రోజుల్లో అబద్ధం కూడా ఆయుధమే. పక్కింటి ముస్లిం సోదరుణ్ని పాకిస్తాన్ పేరుతో నిలదీసేవాణ్ని అక్కడికక్కడే అడ్డుకోండి. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన సింధీ కుటుంబం పెట్టిన కరాచీ బేకరీ మీదకు కూడా హైదరాబాద్‌లో పేరు చూసి దాడికి వెళ్లారు. ఇది దేశభక్తి కాదు. జవాన్లంటే ప్రేమ ఉన్నవాళ్లు ఆ జవాన్లు ప్రాణాలతో ఇల్లు చేరే దారి వెతకాలి.

2025–26 బడ్జెట్‌లో రక్షణకు కేటాయించింది 6.81 లక్షల కోట్ల రూపాయలు. సరిహద్దును కాపాడుకోవాల్సిందే, ఆ ఖర్చును మేం తప్పుపట్టడం లేదు. యుద్ధం వస్తే మాత్రం ఆ ఖర్చుకు అంతుండదు, ఆ మేరకు మన ఆసుపత్రికి, బడికి, రేషన్‌కు కోత పడుతుంది. మాట్లాడుకోవడానికి అయ్యే ఖర్చు దాని ముందు ఏపాటిది?

ఇంకో పహల్గాం జరగకూడదని మనందరం కోరుకుంటున్నాం. జరిగితే ఏం చేయాలో కూడా ఇప్పుడే, చల్లటి బుర్రతో, ఇరువైపులా అనుకోవాలి. తలలు వేడెక్కాక ఎవరూ వినరు. ఈ కాగితం చదివి మడిచి పారేయకండి, పక్కవాళ్లకు ఇవ్వండి. ఈ వారంలోనే కార్డు రాయండి.

ఉగ్రవాదం నశించాలి!
యుద్ధం వద్దు, చర్చలు కావాలి!
జాలర్లను విడిచిపెట్టాలి!
ఇరుదేశాల ప్రజల శాంతి వర్ధిల్లాలి!

ఇట్లు,
శాంతి కోరే మీ తోటి పౌరులు