పేరు మారిన కూడలి

పారిస్ నగరం నడిబొడ్డున, సీన్ నది ఒడ్డున ఒక విశాలమైన కూడలి ఉంది. దాని నేటి పేరు ‘ప్లాస్ ద లా కాంకోర్డ్’, అనగా సామరస్యపు కూడలి. ఇంత చల్లని పేరు దానికి పుట్టుకతో వచ్చినది కాదు.

1763లో పదిహేనవ లూయీ రాజు అశ్వారూఢ విగ్రహాన్ని ఇక్కడ ప్రతిష్ఠించారు. కూడలికి ఆయన పేరే ఉండేది. 1792లో విప్లవకారులు విగ్రహాన్ని పడగొట్టి, దీనిని విప్లవ కూడలి అన్నారు. 1793 జనవరి 21న, తాత విగ్రహం నిలిచిన పీఠానికి చేరువలోనే మనుమడు పదహారవ లూయీ శిరస్సును గిలెటిన్ ఖండించింది. మీరు రసాయనశాస్త్రంలో చదివే లావోయిజర్ 1794 మే నెలలో ఇక్కడే బలియైనాడు. మూడు నెలలు గడవకముందే ఆ హింసాకాండకు సారథియైన రోబెస్పియర్‌కూ అదే గతి పట్టింది.

1795లో పాలకులు ఈ నేలకు ‘సామరస్యం’ అని నామకరణం చేశారు. నడుమ రాజులు తిరిగివచ్చి పాత పేర్లు పెట్టినా, చివరికి నిలిచినది ఇదే. 1795 నాటివారిని నేను తప్పుపట్టను. చంపినవారు, చచ్చినవారి బంధువులు ఒకే వీధిలో బ్రతకవలసిన కాలమది. కాని 1836లో లూయీ ఫిలిప్ రాజు చేసిన పని నాకు మింగుడుపడదు. ఏ పక్షాన్నీ నొప్పించదని ఎంచి, ఈజిప్టులోని లక్సర్ నుండి వచ్చిన, మూడువేల ఏండ్లు పైబడిన ఏకశిలాస్తంభాన్ని ఆయన ఇక్కడ నిలబెట్టించాడు. పీఠంపై చెక్కించిన చిత్రాలు ఆ రాతిని ఎత్తిన యంత్రాలవి. వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన యంత్రం వాటిలో లేదు. ఇది చరిత్రను దాటవేయడమే.

అయినా ఆ రాజును పూర్తిగా నిందించలేము. ఆయన తండ్రి పదహారవ లూయీ మరణశిక్షకు ఓటు వేసినవాడు. 1793 నవంబరు 6న ఇదే కూడలిలో తల కోల్పోయినవాడు. అక్కడ స్మారకం నిలపాలంటే, తండ్రిని ఆ కుమారుడు ఏ వరుసలో చేర్చగలడు?