నేల క్లాసు కబుర్లు: వంటలక్క ఇల్లు కూలితే కోరుట్లకెందుకు కోపం?

ఈ వారం మన కబుర్లకి సినిమా హాలుదాకా పోనక్కర్లేదు మిత్రులారా! టిక్కెట్టు కొననక్కర్లేదు, క్యూలో చొక్కా చింపుకోనక్కర్లేదు. ఇంట్లో టీవీ ముందు చాప పరుచుకుంటే చాలు. అదే మన నేల క్లాసు.

ఇంకేముంది, అర్థమైపోయి ఉంటుంది. అవును, ‘కార్తీకదీపం’ గురించే! “అయ్యో, సీరియల్ గోలా! అది మా అమ్మ చూసేది” అని పేజీ తిప్పేయకండి. ఒక్క నిమిషం ఆగండి. మీ అమ్మ కోపం గురించే ఈ వారం కబురు.

సంగతులు ముందు చెప్పుకుందాం. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది ఈ సీరియల్. 1500కి పైగా ఎపిసోడ్లు! మూలం మలయాళం ‘కరుత్తముత్తు’. అక్కడ మొదట్లో నాయికగా వేసిన ప్రేమీ విశ్వనాథ్ ఇక్కడికీ వచ్చి దీప అయింది. వంటలక్కగా ఇంటింటి మనిషి అయిపోయింది. డాక్టర్ బాబు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల. మధ్యలో చిచ్చు పెట్టే మోనితగా శోభాశెట్టి.

కథ మీకు తెలియనిదేం కాదు. నల్లగా ఉన్న అమ్మాయిని చూసి అత్తగారు మొహం చిట్లించింది. కొడుకు మాత్రం మనసుపడి పెళ్ళాడాడు. అంతవరకూ భేషు! ఆ తర్వాత మోనిత పన్నిన పన్నాగంతో తనకు పిల్లలు పుట్టరని నమ్మాడు. భార్య నెల తప్పింది. ఇంకేం, అనుమానం! నిండు చూలాలు ఇల్లు వదిలింది. ఇద్దరు ఆడపిల్లలు చెరో చోట పెరిగారు. ఒకతె తల్లి దగ్గర. రెండోది తండ్రి దగ్గరే, కాకపోతే పెంపుడు బిడ్డననుకుంటూ! కన్న తండ్రి కన్న బిడ్డనే సాకుతూ ఆ సంగతి తెలియకపోవడం... ఆ ముడి దగ్గరే ఏళ్ళకేళ్ళు కథ నడిచింది.

ఆయన చదివింది చిన్న చదువా? గుండె డాక్టరాయె! ఒక్క డి.ఎన్.ఏ. పరీక్ష చేయిస్తే తేలిపోయే యవ్వారం. ఈ మాట తెలుగునాట అనని ఇల్లు లేదు. మన జగిత్యాల వైపు అయితే దాని రుచే వేరు. “గింత సదువుకున్నడు, గా ఒక్క పరీచ్చ జేపిస్తే ఏంబోతది బిడ్డా? సదువు నెత్తికెక్కింది గని బుద్ధి గడ్డి దిన్నది!” సినిమా విమర్శకులం మేము నాలుగు పేజీలు రాసినా ఇంత తేటగా చెప్పలేం సుమా!

అన్నట్టు, ఈ సీరియల్ సాయంత్రం ఏడున్నరకి వచ్చేది. ఆ వేళకి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో ఒకసారి ఊహించండి. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, సిరిసిల్ల వాడల్లో ఆడవాళ్ళ ఒళ్ళో చాట ఉంటుంది. చాటలో తునికాకు, తంబాకు, దారం. చేతులు బీడీలు చుడుతూనే ఉంటాయి, కళ్ళు మాత్రం టీవీ మీద. వెయ్యి బీడీలు చుడితే ఇంత అని కూలి. కాబట్టి చెయ్యి ఆగడానికి వీల్లేదు. ఇక ఇంటి మగాయన? చాలా ఇళ్ళలో దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటాడు. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని వైపు పోతే సెకండ్ షిఫ్టు మనిషి ఆ వేళకి భూమి అడుగున బొగ్గు దగ్గర ఉంటాడు.

ఇప్పుడు చెప్పండి, ఎడబాటు అనేది ఈ ఇళ్ళలో సీరియల్ ముచ్చటా? మొగుడు రెండేళ్ళకో, మూడేళ్ళకో ఒకసారి సెలవు మీద వస్తాడు. ఊళ్ళో ఎవరో ఏదో కూస్తారు. ఆ కూత ఫోన్‌లో సముద్రం దాటి పోతుంది. ఏ తప్పూ లేకుండా తన మంచితనం తానే రుజువు చేసుకోవలసిన గతి ఆడదానికి పడుతుంది. కార్తీక్ దీపని అనుమానిస్తుంటే వీళ్ళకి కనిపించింది స్టార్ మా సెట్టింగు కాదు, పక్కింటి గోడ. అందుకే వంటలక్క మాట్లాడేది మన యాస కాకపోయినా “మన బిడ్డ” అయిపోయింది. వండి పెట్టి, పిల్లని సాదుకుని, తలెత్తుకుని బతికింది కదా!

సరే, ఏళ్ళ తర్వాత నిజం తేలింది, మొగుడూ పెళ్ళాలు కలిశారు. హమ్మయ్య అనుకున్నారు జనం. అనుకున్నారో లేదో... 2022 మార్చిలో పిడుగు పడింది. కారు ప్రమాదంలో కార్తీక్, దీప ఇద్దరూ పోయారన్నారు! పిల్లలు ఒక్క దూకుతో పెద్దవాళ్ళైపోయారు. కొత్త హీరో, కొత్త హీరోయిన్లు, కొత్త ప్రేమకథ. పేరు మాత్రం పాతదే.

అప్పుడు చూడాలి గోల! కుర్రకారు ఫోన్లలో జోకులు పేల్చారు. అమ్మలు మాత్రం జోకులు వెయ్యలేదు. “గిందుకేనా గిన్నేండ్లు సూపిచ్చింది? కలిసి నాలుగు దినాలు బువ్వ దిననియ్యకపోతిరి!” అని కడుపు మండి తిట్టారు. చానల్ మార్చేశారు కొందరు. అలవాటు మీద చూస్తూనే తిట్టారు కొందరు. చూడకుండా తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు లెండి, ఆ హక్కు వాళ్ళకుంది!

ఇక్కడే నాకూ కాలేజీ మిత్రులకీ తగువు. “ఉత్త సీరియల్ కోసం ఏడుపేంటి” అంటారు మీరు. మరి ‘మరోచరిత్ర’ చూసి మీ నాన్నలు ఏడవలేదా? 1978లో బాలచందర్ కమల్‌హాసన్‌నీ సరితనీ చివర్లో చంపేస్తే జనం హాళ్ళు పగలగొట్టారా? లేదు! మళ్ళీ మళ్ళీ చూశారు. 1953లో దేవదాసు పార్వతి గడప ముందు ప్రాణం వదిలితే తెలుగువాడు దాన్ని తరతరాలు తలచుకున్నాడు. విషాదమంటే మనకి భయం లేదు మిత్రులారా. మన ప్రేక్షకుడు కన్నీటికి టిక్కెట్టు కొనే రకం!

తేడా ఎక్కడుందంటే... దేవదాసు చావు మొదటి రీలు నుంచీ నడుచుకుంటూ వస్తుంది. అతని పిరికితనమే అతన్ని తెచ్చి ఆ గడప ముందు పడేస్తుంది. మరి దీప చావు? అది కథలోంచి రాలేదు. ఆమె పడ్డ కష్టానికీ ఆ కారు ప్రమాదానికీ ఏ సంబంధమూ లేదు. కథ ఇంకా సాగాలి, పాత ముడి విడిపోయింది, కొత్త ముడి కావాలి. అందుకని ఇద్దరిని తీసేశారు. కూలి లెక్క తెలిసిన ఆడవాళ్ళకి ఈ లెక్క అర్థం కాదా? వెయ్యి బీడీలు చుట్టించుకుని, చివరికి కట్ట బాగోలేదని పక్కన పారేస్తే ఎట్లా ఉంటుందో వాళ్ళకంటే ఎవరికి తెలుసు?

ఇది మన దగ్గరే జరిగిన విడ్డూరం అనుకోకండి. 1893లో కానన్ డాయిల్ దొరగారు షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోసేస్తే పాఠకులు మండిపడ్డారు. పదేళ్ళకి, 1903లో, “చావలేదు” అని ఆయనే తిరిగి లేపవలసి వచ్చింది. హిందీలో 2000లో మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో మిహిర్ పోతే దేశమంతా గగ్గోలు పెట్టింది. మిహిర్ తిరిగొచ్చాడు. ప్రేక్షకుడు గట్టిగా అరిస్తే యముడైనా పాశం వెనక్కి తీసుకుంటాడన్నమాట!

మన డాక్టర్ బాబు, వంటలక్క కూడా ఆ ఏడాదే తిరిగొచ్చారు. ఈలలు, చప్పట్లు! కానీ ఎలా వచ్చారు? డాక్టర్ బాబుకి గతం గుర్తులేదు. పక్కన మళ్ళీ మోనిత. దీప మళ్ళీ “నేను నీ భార్యను” అని రుజువు చేసుకోవాలి! చూశారా తమాషా? జనం అడిగింది రెండు సంగతులు. ఒకటి, ఆ ఇద్దరూ కావాలి. రెండు, ఆ ఇల్లాలు ఇంక రుజువులు ఇచ్చుకోనక్కర్లేని రోజు కావాలి. మొదటిది విన్నారు. రెండోది వినలేదు. అందుకే తిరిగొచ్చాక కూడా ఆ పాత వెలుగు రాలేదు. 2023 జనవరిలో దీపం కొండెక్కింది. 2024 మార్చిలో అవే పేర్లతో, అదే జంటతో, వేరే కథ ‘కార్తీకదీపం 2’గా మొదలైందంటే ఆ ఇద్దరి మీద జనానికున్న మమకారం ఎంతటిదో చూడండి.

అభిమానులకీ ఒక మాట చెప్పాలి. కోపం న్యాయమే, కాని గురి తప్పకూడదు. మోనితని ఎంతైనా తిట్టండి, అది శోభాశెట్టికి మెచ్చుకోలే. అంతే తప్ప ఆ అమ్మాయి ఎదురుపడితే మొహం మీద శాపనార్థాలు పెట్టకండి. వేషం వేసినందుకు శిక్ష వేస్తే రేపటినుంచి విలన్లే దొరకరు, అప్పుడు మన నేల క్లాసుకి గొంతు చించుకునే పనే ఉండదు!

ఇక కాలేజీ మిత్రులారా, ఈసారి సెలవులకి ఊరికి పోయినప్పుడు ఒక పని చెయ్యండి. అమ్మ సీరియల్ చూస్తూ ఎవరినో తిడుతుంటే నవ్వకండి. “ఎవల్ని తిడుతున్నవే అమ్మా? ఏం జేసిండు వాడు?” అని పక్కన కూచుని అడగండి. జవాబులో సగం సీరియల్ ఉంటుంది. మిగతా సగం ఎవరి కథో మీకే తెలుస్తుంది.

ఏమంటారు? తప్పంటే ఉత్తరం రాసి తిట్టండి. ఒప్పంటే అమ్మకి చదివి వినిపించండి. వచ్చేవారం మళ్ళీ నేల క్లాసులోనే కలుద్దాం!