నిదానమే ప్రధానము

“నిదానము” అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలకారణము, దానిని నిర్ణయించు విధానము. రోగనిర్ణయమునకు ప్రసిద్ధమైన గ్రంథమునకు మాధవనిదానమని పేరు వచ్చుట అందువలననే. లోకవ్యవహారమున నిదానమనగా తొందర లేకుండుట. తొందరపడు వానికి కారణము దొరకదు గనుక ఈ రెండర్థములు ఒకే మాటలో ఒదిగియుండుట ఉచితముగనే యున్నది. ఈ నీతి రోగికి ఎంత వర్తించునో, ఇంటిలో చెడిన యంత్రమునకును అంతే వర్తించును.

శీతదేశములలో గృహస్థునకు చలికాలమున గల పెద్ద బెంగ, ఇల్లంతటిని వెచ్చబరచు యంత్రము ఆగిపోవునేమో యని. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి మైదానములలో బెంగ దీనికి సరిగా తలక్రిందులు. వైశాఖమాసపు రాత్రి, పగలంతయు కాగిన మిద్దె యింకను సెగలు చిమ్ముచుండగా, పైనున్న పంకా ఆగును. పసిపిల్ల ఏడ్చును, ముసలివారు మంచమును వీథిలోనికి ఈడ్చుకొందురు. ఇంటి యజమాని స్విచ్చిని పదిసార్లు నొక్కును, చీపురుకట్టతో రెక్కను త్రోసి చూచును, చివరకు మిస్త్రీకి కబురు పెట్టును. మిస్త్రీ వచ్చి, కొలది నిమిషములలో చిన్న డబ్బా నొకదానిని మార్చి పోవును. చూచువారికది మంత్రమువలె తోచును. నిజమునకు అది తర్కము.

ఆ తర్కమున మొదట పరీక్షింపవలసినది పంకాను గాదు, ఇంటిని. దీపములు వెలుగుచున్నవా? తక్కిన గదులలో పంకాలు తిరుగుచున్నవా? అన్నియు ఆగినచో దోషము కరెంటులోనో ఫ్యూజులోనో కలదు. ఇరుగుపొరుగు ఇండ్లలో కూడ పంకాలు మందముగా తిరుగుచున్నచో వోల్టేజి తగ్గినదని యర్థము. ఈ యొక్క పంకాయే ఆగినచో చెవియొగ్గి వినవలెను. చప్పుడేమియు లేనిచో కరెంటు దానివరకు చేరుటలేదేమో చూడవలెను. స్విచ్చి, రెగ్యులేటరు, తీగ అతుకులు అనుమానింపదగినవి. సన్నగా మూలుగుచు తిరుగకున్నచో కరెంటు చేరుచున్నది గాని కదలిక పుట్టుటలేదు. అప్పుడు మెయిన్ ఆపి, రెక్కను చేతితో త్రిప్పి చూడవలెను. బిగిసియున్నచో బేరింగులు చెడియుండును. తేలికగా తిరిగినచో అనుమానము కండెన్సరు మీదికి పోవును. మిస్త్రీ మార్చిన చిన్న డబ్బా అదియే.

సామాన్యపు పంకా మోటారులో రెండు తీగచుట్టలుండును. ఒక్క చుట్టయే పనిచేసినచో అయస్కాంతబలము వచ్చుచు పోవుచు నుండునే గాని రెక్కలను ఏ దిక్కునకును త్రిప్పజాలదు. రెండవ చుట్టలోని ప్రవాహమును మొదటిదానికంటె కొంత ముందునకు జరిపి, ఆ బలము గుండ్రముగ తిరుగునట్లు చేయునది కండెన్సరు. అది పూర్తిగా చెడినచో పంకా మూలుగును. బలహీనపడినచో నెమ్మదిగా తిరుగును. సాధారణముగా దానిపై 2.5 మైక్రోఫారడ్లని వ్రాసియుండును. క్రొత్తది కూడ పాతదాని యంకెయే గలదై యుండవలెను. వేగమున కాశపడి పెద్దది వేసినచో చుట్ట వేడెక్కును. ఈనాడు వ్యాపించుచున్న బీఎల్‌డీసీ పంకాలకు ఈ నిదానము చెల్లదు. వానిలో ఎలక్ట్రానిక్ పలక మోటారును నడపును. 1831లో ఫారడే కనుగొనిన ప్రేరణము, 1888లో టెస్లా పేటెంటు పొందిన తిరుగు అయస్కాంతక్షేత్రము ప్రతి యింటి కప్పునను వ్రేలాడుచున్నవి.

ఈ జ్ఞానము ఇంటితో ఆగదు. మిరపతోటకు నీరుపెట్టు మూడు ఫేజుల మోటారు మూలుగుచు తిరుగక నిలిచినచో, ఒక ఫేజు రాలేదేమో యని అనుమానింపవలెను. ఇచ్చటను తిరుగవలసిన అయస్కాంతక్షేత్రమే కుంటువడినది. వెంటనే ఆపనిచో మోటారు కాలును. గట్టుపై బిగించిన మోటారు చక్కగా తిరుగుచు నీరెత్తకున్నచో దోషము విద్యుత్తుది కాదు. ఫుట్‌వాల్వు జారినదో, పీల్చు గొట్టములో గాలి చొరబడినదో చూడవలెను. పూతమీద నున్న మిరపకు తడి తప్పినచో పూత రాలును. కనుక సకాలమున దోషము తెలియుట రైతునకు పంట దక్కుటయే.

అయితే ఇచ్చటనే ప్రమాదమును పొంచియున్నది. ఫేజు పోయినదని గ్రహించి, లైన్‌మన్ వచ్చువరకు ఆగలేక, తానే ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు వేయబోయి రైతు ప్రాణము పోగొట్టుకొనిన విషాదములు మన పల్లెలకు క్రొత్తవి కావు. సాగుకు కరెంటు వచ్చునది దినమున కొన్ని గంటలే. పైరు వాడుచుండగా ఆగుమనుట సులభము కాదు. అయినను చెప్పక తప్పదు. దోషమును సరిగా గుర్తించిన ఆ రైతునకు నిదానమను మాటలోని రెండవ యర్థము ఆ క్షణమున గుర్తునకు రాలేదు. మెయిన్ ఆపి, టెస్టరుతో పరీక్షించి, పొడికొయ్య బల్లపై నిలిచి చేయు చిన్న పని గృహస్థుది. రెగ్యులేటరును తగ్గించుట కరెంటు నాపుట కాదు. విప్పిన కండెన్సరు కొనలను చేతితో తాకరాదు. షాకు కొట్టు యంత్రమును, కాలిన వాసన వచ్చు తీగను తెలిసినవారికే విడువవలెను. మీటరునకు అవతలిదంతయు విద్యుత్ శాఖవారిది.

ఇంటివారే ఇట్లు నేర్చినచో మిస్త్రీ జీవనము చెడదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. లక్షణములను స్పష్టముగా చెప్పగల రోగి వలన వైద్యునికి ఏనాడును నష్టము కలుగలేదు. అసలు లోపము చదువులో నున్నది. ప్రేరణ నియమమును తప్పులేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొనిన బాలుడు ఇంటి పంకా మూలుగు విని తెల్లబోవును. బడి మానిన మిస్త్రీ కుర్రవాడు దానిని బాగుచేయును గాని కారణము చెప్పజాలడు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్య ఈ ఎడబాటునే పోగొట్టదలచినది. ఆనాటి సాధనము రాట్నము. ఈనాడు మోటారు ఏల కాగూడదు?

ఇందు భాషోపాధ్యాయునకును పని కలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ వృత్తిపదకోశమును వెలువరించి, రైతుల నోటిమాటకు గౌరవము కూర్చెను. “మోటారు ఎత్తుటలేదు,” “ఫేజు పోయినది” అను నేటి రైతు పలుకులును తెలుగే. ఏమి చూచెను, దేనిని అనుమానించెను, ఆ యనుమానమును ఏల విడిచెను, తుదకేమి తేలెను అని బాలుడు పది వాక్యములలో వ్రాసినచో, వసంతఋతువుపై వల్లించిన వ్యాసముకంటె అది మేలైన రచన యగును.

దీనికి పెద్ద వ్యయము అక్కరలేదు. ఉన్నత పాఠశాలకొక పాత పంకా చాలును. కరెంటు తగిలింపకయే దానిని బల్లపై విప్పి, చుట్టలను, బేరింగులను, కండెన్సరును పిల్లలచేత ముట్టించి చూపవలెను. పిమ్మట దేనిని ముట్టరాదో కూడ ఆ బల్లవద్దనే చెప్పవలెను. ఆ పిల్లలలో పలువురు రేపు పొలమున మోటారు వద్ద నిలువవలసినవారే.