మేనేజరుకి కావాల్సింది మన కష్టం కాదు

మన సాఫ్ట్‌వేర్ జనానికి పేపర్లు పెట్టడం వచ్చినంత బాగా అడగడం రాదు. ఎవరినో అనట్లేదండీ, మొదట నన్నే అనుకుంటున్నాను.

2024 చివర్లో తెనాలిలో మా నాన్న బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆయన్ని మంచం మీంచి లేపి వాకరు పట్టించడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. నేనేమో వారానికి అయిదు రోజులూ గచ్చిబౌలి ఆఫీసులో కార్డు స్వైప్ చేయాల్సిన ఉద్యోగంలో. సరే, మేనేజరుకి పెద్ద మెయిలు రాశాను. నాన్న పరిస్థితి, అమ్మ మోకాళ్ళు, నేనొక్కడినే కొడుకుని కావడం... వెరసి పేజీన్నర. చివర్లో, పూర్తిగా ఇంటి నుంచి పనిచేయనివ్వండి అని.

ఆయన మంచివాడే. పిలిచి, కాఫీ ఇప్పించి, నాన్న గురించి అంతా అడిగి, "నీకిస్తే రేపు ఇంకో పదిమంది క్యూ కడతారు. కావాలంటే సెలవు పెట్టుకో" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వస్తే ఇదే ప్రాజెక్టు ఇళ్ళ నుంచే నడవలేదూ? ఇప్పుడేం వచ్చింది?

ఈ వాదన మీరూ చేసే ఉంటారు. పనిచేయదు. అప్పుడు క్లయింటు కూడా ఇంట్లోనే ఉన్నాడు, వేరే దారి లేక అందరూ సర్దుకున్నారు. ఇప్పుడు ఏదన్నా తేడా వస్తే "ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగేది ఆయన్నే. నా మెయిల్లో నా కష్టం పేజీన్నర ఉంది, ఆయన భయం గురించి ఒక్క ముక్క లేదు.

పోనీ చట్టం ఉందా అంటే, మనలాంటి ప్రైవేటు ఉద్యోగులకి ఇది హక్కేం కాదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవు తర్వాత ఇంటి నుంచి పని అనే మాట చేర్చారు గానీ, అదీ ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీదే. అంటే ఒప్పించుకోవడమే గతి.

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, సహచరులతో కలిసి చైనాలోని సీట్రిప్ కాల్ సెంటర్లో చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. మనవాళ్ళు ఇక్కడిదాకా చదివి ఫార్వర్డ్ కొట్టేస్తారు! ఆ 13లో 9 శాతం ఎక్కువసేపు పనిచేయడం వల్లే వచ్చిందనీ, చాలామంది ఒంటరితనం పడలేక ఆఫీసుకి తిరిగొచ్చేశారనీ కూడా అందులోనే ఉంది. అదే కంపెనీలో (ఇప్పుడు ట్రిప్.కామ్) 1,600 మందికి పైగా ఉద్యోగుల మీద చేసిన రెండోది 2024లో నేచర్‌లో వచ్చింది. వారానికి రెండ్రోజులే ఇల్లు. పనితీరులో తేడా లేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మాత్రం మూడోవంతు తగ్గారు. నాకు నచ్చింది ఇంకోటి. మొదట్లో పని దెబ్బతింటుందన్న మేనేజర్లు ప్రయోగం ముగిసేసరికి అభిప్రాయం మార్చుకున్నారు. ఎవరో చెబితే కాదు, చూశాక.

అందుకని రెండోసారి నాన్న ఊసెత్తలేదు. ఆరు వారాలు, గురు శుక్రవారాలు మాత్రమే అన్నాను. రిలీజు ఉన్న వారం ఆఫీసులోనే. ఎక్కడి నుంచి లాగిన్ కావచ్చో క్లయింటు ఒప్పందంలో ఏముందో ముందే కనుక్కున్నాను (చాలామంది ఇది మర్చిపోతారు, అక్కడ అడ్డుంటే మేనేజరు ఒప్పుకున్నా లాభం లేదు). తెనాలి ఇంట్లో ఇన్వర్టరుంది, ఫైబర్ ఉంది, అది పోతే ఫోను. ఆ రెండ్రోజుల్లో ఏ టికెట్లు ముగిస్తానో బుధవారమే రాసిస్తాను. తేడా వస్తే మీరు చెప్పక్కర్లేదు, సోమవారం నుంచి నేనే అయిదు రోజులూ వచ్చేస్తాను.

ఆయన కాసేపు చూసి, "పైవాళ్ళకి చూపించడానికి ఇది పనికొస్తుంది" అన్నాడు. అదన్నమాట! ఆయనకి కావాల్సింది అదొక్కటే.

మూడో వారం ఫైబర్ తెగనే తెగింది. దాచకుండా పది నిమిషాల్లో గ్రూపులో చెప్పేసి, ఫోన్ సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చున్నాను. నన్ను కాపాడింది ఇన్వర్టరు కంటే ఆ పది నిమిషాలేనేమో.

అంతా లాభమే అనను. తర్వాతి ఏడాది లీడ్ పోస్టు వేరే అతనికి వెళ్ళింది. కనబడకపోవడం వల్లేనా? ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. ప్రమోషన్లలోనూ తేడా లేదని ఆ రెండో అధ్యయనం చెప్పిందిలెండి. కానీ అది చైనాలోది, మా ఫ్లోరు గచ్చిబౌలిలోది.

నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నారు. గురువారం స్టాండప్ టైముకి అమ్మ మిక్సీ ఆపేస్తుంది. ఆ ఆరు వారాలు అయిపోయి చాలాకాలమైంది. ఆయన అడగలేదు, నేను గుర్తుచేయలేదు.