బేరానికి ముందే మన అంకె తేలాలి

సంగారెడ్డి జిల్లా కల్హేర్‌లో ఫలానా ఇల్లు అమ్మకానికి ఉందని తెలియగానే కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఎంత చెప్తున్నరు?" అని. ఆ ఒక్క ప్రశ్నతోనే బేరం పగ్గాలు అమ్మేవారి చేతికి వెళ్లిపోతాయి. 24 లక్షలని వినగానే మనసు 22కు అడగాలా, 21న్నరకా అని ఊగిసలాడుతుంది. అసలు ఆ ఇల్లు 18 లక్షలు చేస్తుందా అన్న ఆలోచన రానే రాదు. చదువూ అనుభవమూ ఉన్నవాళ్లు దీనికి అతీతులేమీ కాదు. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు అమెరికాలోని టూసాన్ నగరంలో స్థిరాస్తి ఏజెంట్లకు ఒకే ఇంటిని చూపించి, ఒక్కో బృందానికి ఒక్కో ధర చెప్పారు. ఎక్కువ ధర విన్నవాళ్లు ఇంటికి ఎక్కువ విలువ కట్టారు, తక్కువ విన్నవాళ్లు తక్కువ కట్టారు. చెప్పిన ధర తమ లెక్కను మార్చిందని మాత్రం వాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. రోజూ ఇళ్లు అమ్మించి బతికేవాళ్ల సంగతే అలా ఉంటే, జీవితంలో ఒక్కసారి ఇల్లు కొనేవాళ్ల మాట చెప్పాలా? అందుకే ఎంతకు అడగాలన్నది అమ్మేవారి ధర నుంచి కిందికి దిగుతూ తేల్చుకోవద్దు. మన కాగితం మీద, మన లెక్కతో, బేరానికి కూర్చోకముందే తేల్చుకోవాలి.

పల్లెల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకేలాంటి ఫ్లాట్లు చేతులు మారుతుంటాయి, పోల్చుకోవడానికి ధరలు దొరుకుతాయి. కల్హేర్ లాంటి మండల కేంద్రంలో ఇళ్ల అమ్మకాలే తక్కువ. ఒకరు బిడ్డ పెళ్లికి అక్కరపడి వచ్చినకాడికి అమ్ముకుంటారు. ఇంకొకరు పక్కిల్లు కలిసొస్తుందని నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి కొంటారు. ఈ రెండూ ఊరి రేటు కావు. అయినా మధ్యవర్తుల నోట ఒక రేటు పుడుతుంది. 161వ నంబరు జాతీయ రహదారి వెడల్పయిందని కొన్నాళ్లు, 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన అయిందని కొన్నాళ్లు ధరలు లేస్తాయి. రోడ్డు పక్క చెలకకు పలికిన ధరను ఊరి నడుమ ఇరుకు సందులోని ఇంటికి అంటగడతారు. నీళ్లొస్తాయంటే పొలం ధర పెరగడంలో న్యాయముంది. ఇరవై ఏళ్ల స్లాబు ఇంటికి ఆ నీళ్లతో ఏం పని?

ఇంటిని రెండు ముక్కలుగా చూస్తే లెక్క తేలికవుతుంది. జాగ విలువ వేరు, దాని మీది కట్టడం విలువ వేరు. జాగ ధర కాలంతో పెరగవచ్చు, కట్టడం విలువ మాత్రం ఏటా తరుగుతుంది. అమ్మేవారు రెండింటినీ కలిపి ఒకే అంకె చెప్పడంతో ఈ తరుగు కనపడకుండా పోతుంది. మాటవరసకు 150 గజాల జాగ, గజం 6,000 చొప్పున 9 లక్షలు అనుకుందాం. 900 చదరపు అడుగుల ఇల్లు ఈరోజు కొత్తగా కట్టడానికి అడుగుకు 1,700 చొప్పున 15.3 లక్షలవుతుంది. కట్టి ఇరవై ఏళ్లయింది, మొత్తం ఆయుష్షు అరవై ఏళ్లు అనుకుంటే మూడో వంతు పోయి 10.2 లక్షలు మిగులుతుంది. ఇప్పుడు మేస్త్రీని వెంటబెట్టుకుని పగటిపూట ఇల్లు చూడాలి. స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తున్నాయా? గోడల అడుగున చెమ్మ ఎంత ఎత్తు పాకింది? కొత్తగా సున్నం వేసిన గోడను మరీ జాగ్రత్తగా చూడాలి. మరమ్మతులకు 1.2 లక్షలు తేలితే అదీ తీసేయాలి. మిగిలింది 18 లక్షలు. గజం ధర, అడుగు ఖర్చు మీ ఊళ్లో వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. దీనికి రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం. 2021 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచింది. 18 లక్షలకు ఆ లెక్కన 1.35 లక్షలు. బేరంలో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మరి గజం 6,000 అన్నది ఎక్కడి నుంచి తేవాలి? ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నుంచి. మనం కొనే ఇంటికే కాక చుట్టుపక్కల ఇళ్లకూ ఈసీ తీయవచ్చు. ఎవరు ఎప్పుడు ఎంతకు రాసిచ్చారో అందులో ఉంటుంది. కాగితంలో రాసేది అసలు ధర కాదు కదా అని వెంటనే అంటారు. నిజమే, చాలా దస్తావేజుల్లో ప్రభుత్వ విలువే రాస్తారు. అయినా అది కింది హద్దు చూపిస్తుంది. ఇటీవల అమ్మిన ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగితే పై హద్దు తెలుస్తుంది. ఆ రెంటి మధ్య గజం ధర ఎంచుకుని పైన చెప్పిన లెక్కలో వేసుకోవాలి.

ఇక కాగితాల సంగతి. మన నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. తర్వాత మెదక్‌లో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. పాత కాగితాలు ఉర్దూలో ఉండవచ్చు, లింకు డాక్యుమెంట్లు మధ్యలో తెగిపోయి ఉండవచ్చు. గ్రామకంఠంలోని ఇళ్లకు చాలాచోట్ల ఇంటి నంబరు, పన్ను రసీదు తప్ప మరో ఆధారం ఉండదు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. బ్యాంకు అప్పు పుట్టని ఇంటికి అప్పు పుట్టే ఇంటి ధర ఇవ్వకూడదు, ఎందుకంటే రేపు మనం అమ్మబోతే మన దగ్గర కొనేవాడికీ అప్పు పుట్టదు. ఇలాంటి లోపానికి ధర తగ్గించి అడగవచ్చు. కొన్ని లోపాలకు తగ్గింపు అనేదే లేదు. 1986 సవరణతో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2005 సవరణతో దేశమంతటా హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. తాతల నాటి ఇంటిని అన్నదమ్ములే అమ్ముతూ, అక్కచెల్లెళ్లు ఏమీ అనరులే అంటే, వాళ్ల సంతకాలు పడేదాకా ఆ ఇంటికి మన ధర సున్నా.

ఇంత లెక్కలేసుకుంటూ కూర్చుంటే ఇల్లు ఇంకొకరు తన్నుకుపోతారని ఒక వాదన. పోనివ్వండి. 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పు తీసుకుంటే, తొందరలో ఎక్కువ పెట్టిన ప్రతి లక్షకూ చివరికి కట్టేది దాదాపు 2.16 లక్షలు. ఇంకో వాదన బలమైనది. అమ్మేది మనూరివాళ్లే, రేపు బావి దగ్గరో పెళ్లిలోనో ఎదురుపడే మనుషులే, అంత తక్కువకు అడిగితే మొహమాటం కాదా? ఊరి సంబంధాలు డబ్బుకన్నా విలువైనవని నేనూ నమ్ముతాను. కానీ మనుషుల్ని నొప్పించేది ఆధారంలేని అడుగు. "జాగకింత, ఇంటికింత, స్లాబు మరమ్మతుకింత" అని పెద్దమనుషుల ముందు విప్పి చెబితే అవతలివాళ్లు కాదనవచ్చు, అవమానమని మాత్రం అనుకోరు. బయానా మాత్రం ఈసీ చూశాకే, అందరి సంతకాలతో అగ్రిమెంటు రాసుకున్నాకే, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

ఇదంతా కొనేవారి నెత్తినే ఉండటం న్యాయం కాదు. స్కాట్లాండ్‌లో 2008 డిసెంబరు నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టేవారే ఇంటి స్థితి, విలువ తెలిపే నివేదికను కొనేవారికి ఇవ్వాలి. మనకు ఒక్కసారిగా అంత వద్దు. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఏ ఊళ్లో ఏ ఇల్లు ఎంతకు రాసిచ్చారో అంతా ఉంది. పేర్లు తీసేసి, జాగ కొలత, కట్టడం, ధర మాత్రం ఊరివారీగా ఏడాదికొకసారి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే చాలు. ఆ పని కల్హేర్ నుంచే మొదలుపెట్టమని అధికారులను కోరుతున్నాను.