సోదాలకూ ఉన్నాయి హద్దులు
జాబితా నకలు, సాక్షుల సంతకాలే పౌరుడికి రక్ష

పోలీసులు తలుపు తట్టి ఇల్లు సోదా చేయాలంటే ఏం అడగాలో, వారికి ఏ మేరకు సహకరించాలో చాలామందికి తెలియదు. సోదా అధికారం ఇచ్చిన చట్టమే దానికి హద్దులనూ నిర్దేశించింది. 1973 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. పాత రక్షణలు చాలావరకు కొనసాగగా, వీడియో చిత్రీకరణ నిబంధన కొత్తగా చేరింది.

వారెంటు ఎప్పుడు?

సమన్లు పంపినా సంబంధిత పత్రాన్ని, వస్తువును హాజరుపరచరని భావించినప్పుడు న్యాయస్థానం 96వ సెక్షను కింద సోదా వారెంటు జారీ చేయవచ్చు. దొంగసొత్తు, నకిలీ పత్రాలు దాచారన్న సమాచారం ఉంటే 97వ సెక్షను వర్తిస్తుంది. వారెంటు రాతపూర్వకంగా ఉండాలి. జారీ చేసిన అధికారి సంతకం, కోర్టు ముద్ర తప్పనిసరి. అందులో ఫలానా గది అని పేర్కొంటే సోదా ఆ గదికే పరిమితం కావాలి.

జాప్యం జరిగితే ఆధారం దక్కదనుకున్నప్పుడు దర్యాప్తు అధికారి 185వ సెక్షను కింద వారెంటు లేకుండానూ సోదా చేయవచ్చు. అయితే కారణాలను కేసు డైరీలో ముందుగా రాయాలి. వాటి నకలును 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు పంపాలి. దరఖాస్తు చేసుకుంటే ఇంటివారికి ఆ ప్రతి ఉచితంగా లభిస్తుంది.

గుమ్మం వద్ద నియమాలు

వారెంటు చూపితే ఇంటివారు లోనికి అనుమతించాలి. నిరాకరిస్తే తలుపులు పగలగొట్టి ప్రవేశించే అధికారం పోలీసులకు ఉంది. 103వ సెక్షను ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన కనీసం ఇద్దరు స్వతంత్ర, గౌరవనీయ వ్యక్తుల సమక్షంలో సోదా జరగాలి. మన వాడుకలో వీరే మధ్యవర్తులు. స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువునూ, అది దొరికిన చోటునూ జాబితాలో రాసి వారి సంతకాలు తీసుకోవాలి. ఇంటి యజమాని సోదా ముగిసేవరకు అక్కడే ఉండవచ్చు. జాబితా నకలు ఆయనకు ఇవ్వాలి. మహిళలను మహిళలే, మర్యాదకు భంగం కలగకుండా తనిఖీ చేయాలి.

జాబితా తయారీ, సంతకాలు సహా సోదా మొత్తాన్ని వీడియో తీసి, జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని 105వ సెక్షను ఆదేశిస్తోంది.

ఉల్లంఘిస్తే?

చిక్కంతా ఇక్కడే ఉంది. సోదా చట్టవిరుద్ధమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదని 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మాదకద్రవ్యాల చట్టం కింద వ్యక్తిని తనిఖీ చేసేటప్పుడు మాత్రం నియమం కఠినం. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుటే తనిఖీ కోరే హక్కు ఉందని ముందుగా చెప్పాల్సిందేనని 1999లో బల్‌దేవ్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

చట్టమే హద్దు మీరితే కోర్టులు ఉపేక్షించలేదు. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, కలెక్టరు అనుమతించిన ఎవరైనా పత్రాల కోసం తనిఖీలకు వెళ్లే వీలు కల్పించింది. కెనరా బ్యాంకు కేసులో హైకోర్టు దానిని కొట్టివేయగా, 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

సాక్ష్యం నిలుస్తుందా లేదా అన్నది చివరకు విశ్వసనీయతపైనే ఆధారపడుతుంది. కనుక సోదాను అడ్డుకోవడం కన్నా వారెంటు చదవడం, అక్కడే ఉండి గమనించడం, జాబితా నకలు అడిగి తీసుకోవడం మేలు. మధ్యవర్తులు సైతం జాబితా చదివాకే సంతకం చేయాలి. ఏళ్ల తర్వాత న్యాయస్థానంలో మాట్లాడేది ఆ కాగితమే.