చంద్రవంక నీటిలో కలియుచున్న మన ఎరువు



ఎరువు బస్తాలకై సంఘము వాకిట వరుసలు తీరు దినములలో నీటినిగూర్చి చెప్పినచో వినుటకు ఎవరికిని తీరిక యుండదు. అయినను ఈ మాట చెప్పుటకు అదియే తగిన కాలమని తలంచి వ్రాయుచున్నాను. నా మనవి యేమనగా: మన సంఘము సభ్యునకు యూరియా ఇచ్చుటకు ముందు అతని బావినీటిని పరీక్షింపించి, ఆ ఫలమును అతని ఖాతాలో వ్రాసి, దానినిబట్టి బస్తాల లెక్క నిర్ణయింపవలెను. ఇది కొందరికి రుచింపదు. బస్తా తగ్గిన పంట తగ్గునని రైతు భయపడును. బస్తా తగ్గిన సంఘపు రాబడి తగ్గునని కార్యవర్గమువారు సంకోచింతురు. ఈ రెండు భయములును నేనెరుగనివి కావు. అయినను కారణములు విన్న పిమ్మట మీరే తీర్పు చెప్పుడు.

చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలసి ఎత్తిపోతలయొద్ద సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకుచున్నవి. అచ్చటినుండి మూడు కిలోమీటర్లలోపుననే ఆ నీరు కృష్ణలో కలియును. యతులు తపము చేసిన తావగుటచే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. సేద్యగానికి మాత్రము ఎత్తిపోత యనగా పల్లమునుండి నీరు తోడి మెరకకు పెట్టుటయే. దత్తాత్రేయస్వామి దర్శనమునకు వచ్చువారును, మొసళ్ల మడుగు చూడ వచ్చువారును ఆ నీటి తెల్లదనమునకు సంతోషింతురు. ఒక పెద్దరైతు నాతో, "అయ్యా, నీరు అద్దమువలె నున్నదిగదా, పరీక్ష ఏల?" అనెను. తేట యన్నది కంటికి తెలియు గుణము. నైట్రేటునకు రంగు లేదు, వాసన లేదు. మనకు చిక్కులు తెచ్చు పాళ్లలో నాలుకకును తెలియదు. ఫ్లోరైడును అట్టిదే.

పల్నాడు సున్నపురాతి సీమ యని మీకు చెప్ప నక్కరలేదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఉలిపెట్టినది ఈ రాతిమీదనే. మాచెర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఈ రాతివలననే బ్రతుకుచున్నవి. వాననీరు గాలినుండియు, నేలలోని వేళ్ల ఊపిరినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ పులుపు సున్నపురాతిని కరగించును. కరగిన సున్నము నీటితోపాటు బావికిని వాగునకును వచ్చును. పప్పు ఉడకకుండుటయు, సబ్బు నురుగు రాకుండుటయు, నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుటయు దీనివలననే. బిందుసేద్యపు గొట్టముల రంధ్రములు పూడిపోవుటకును ఇదియే హేతువు. అయినను పైరునకు ఈ సున్నపు నీరు శత్రువు కాదు. నేలను బిగియజేసి చౌడుగా మార్చునది సోడాక్షారము హెచ్చైన నీరు. అది వేరు జాతి.

ఇక ఎరువు సంగతి. మన సున్నపు నేల భాస్వరమును పట్టుకొని విడువదు. నైట్రేటును క్షణమైనను పట్టుకొనదు. ఈ ఒక్క భేదము తెలిసినచో మన డబ్బు ఎటు పోవుచున్నదో సగము తెలిసినట్లే.

50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరము కలదు. నీటివసతిగల మిరపకు ఎకరమునకు సిఫారసు చేయబడిన భాస్వరము 24 కిలోలు; అనగా ఇంచుమించు ఒక్క బస్తా. మన తోటలలో ఎన్ని బస్తాలు పడుచున్నవో ఎవరి లెక్క వారికే తెలియును. మిక్కిలిపడిన భాస్వరము సున్నముతో కలసి రాయివలె నేలలో నిలిచిపోవును. పైపైన చల్లినదైనచో వానకు కొట్టుకొనిపోవు మట్టిని అంటిపెట్టుకొని వాగులోనికిని చెరువులోనికిని పోయి అచ్చట నాచును పెంచును. మన భాస్వరముతో నాచు పండించుట ఏమి సేద్యము? వేళ్లున్న లోతున పెట్టినచో తక్కువతోనే పని జరుగును.

యూరియా నడవడి వేరు. సున్నపు నేలమీద పైన చల్లి విడిచినచో కొంత అమోనియాగా గాలిలో కలిసిపోవును. మిగిలినది కొలది దినములలో నైట్రేటుగా మారును. పైరు త్రాగినంత త్రాగగా తక్కినది తరువాతి తడితోగాని జడివానతోగాని క్రిందికి దిగి, రాతి నెరియలగుండ బావికి, బావుల ఊటలగుండ వాగునకు చేరును. ఇందు పోయినది ఎంత యన్నది ఒక లెక్కవలన తెలియును.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. అందు నత్రజని భాగము ఇంచుమించు 10 మిల్లీగ్రాములు. కావున ఒక్క బస్తాలోని నత్రజని అంతయు నీటిలో కలిసినచో 20 లక్షల లీటర్ల శుభ్రజలమును హద్దువరకు చేర్చును. ఇప్పుడు లెక్కను త్రిప్పి చూడుడు. ఎకరమునకు రెండంగుళముల తడి పెట్టుటకు సుమారు 2 లక్షల లీటర్లు పట్టును. బావినీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములున్నచో ఒక్కొక్క తడితో రెండు కిలోల నత్రజని పొలమునకు వచ్చుచున్నది. పది తడులు పెట్టునప్పటికి ఒక యూరియా బస్తా నీటితోనే వచ్చినది! 90 మిల్లీగ్రాములున్న బావియైనచో రెండు బస్తాలు. ఈ బస్తాలకు సంఘములో వరుస లేదు, వెల లేదు, మోత లేదు. అవి ఒకప్పుడు మనమే కొని పోగొట్టుకొన్నవి. వాటిని లెక్కలో తీసికొనక మరల అన్ని బస్తాలు కొనుట ఒకే అప్పు రెండుసార్లు తీర్చుట వంటిది. నీటిని పరీక్షింపవలెనని నేను పట్టుపట్టుట ముఖ్యముగా ఇందుకే. 2015లో వచ్చిన భూసార పత్రమున మట్టికి పండ్రెండు పరీక్షలు కలవు. అందు బావినీటి ముచ్చట లేదు.

ఇంగ్లండు దక్షిణభాగమున సుద్దకొండలనుండి ఊరి ప్రవహించు చిన్న నదులు కలవు. టెస్టు, ఇచ్చెన్ అనునవి వానిలో పేరుపొందినవి. వాని నీరు ఏడాదిపొడుగున చల్లగాను తేటగాను ఉండుటచే ఆ దేశస్థులు వానిని నిధులవలె చూచుకొందురు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అచ్చటి పచ్చికబీళ్లు దున్నబడి రసాయనపు ఎరువు హెచ్చెను. నైట్రేటు సుద్దలో ఏడాదికి సుమారు ఒక మీటరు చొప్పున మెల్లగా దిగును. తాతలు చల్లినది మనుమల కాలమున నదిలో తేలుచున్నది. 1991లో ఐరోపా దేశములవారు లీటరునకు 50 మిల్లీగ్రాముల హద్దుతో చట్టము చేసికొన్నను, నేలలో దిగుచున్న పాత ఎరువును చట్టము ఆపజాలదు గదా. మన రాయి సుద్ద కాదు. సుద్ద నీటిని పీల్చి దాచుకొను మెత్తని రాయి. మన నాపరాయి గట్టిది, నీరు దానిలో నిలువక నెరియల వెంట పరుగెత్తును. కావున నెరియలమీదనున్న మన బావులకు చెరుపు త్వరగా వచ్చును. మనము చేయి బిగించినచో మేలును వారికంటె త్వరగా కనబడునని నా నమ్మకము.

డబ్బు మాట అటుంచుడు. నైట్రేటు మిక్కుటమైన నీటితో పాలపొడి కలిపి ఆరు నెలల లోపు శిశువునకు పట్టినచో, రక్తము ప్రాణవాయువును మోయు శక్తి కోల్పోయి బిడ్డ నీలివన్నెకు తిరుగును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. కాచిన నీరు దోషము లేనిదని మన ఇండ్లలో గట్టి నమ్మకము. క్రిములకు అది నిజమే. నైట్రేటుగాని ఫ్లోరైడుగాని కాచుటచే పోవు. నీరు ఆవిరియై తరిగినకొలది అవి చిక్కబడును. ఈ సంగతి ప్రతి తల్లికిని తెలియవలెను.

ఫ్లోరైడు మన ఎరువునుండి కాక రాతినుండి వచ్చునది. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు బిగిసి నడుములు వంగిన జనులను పరీక్షించి, దానికి మూలము త్రాగునీటి ఫ్లోరైడే యని లోకమునకు తెలిపిరి. లీటరునకు ఒక మిల్లీగ్రాము మంచిది. వేరు దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చును. ఇందొక వింత కలదు. సున్నము ఫ్లోరైడును పట్టి అణచును. సున్నము తక్కువై సోడా హెచ్చైన నీటిలో అది విచ్చలవిడిగా నిలుచును. కావున పప్పు ఉడకని బావిని నిందించి, పప్పు మెత్తగా ఉడుకు లోతుబోరును మెచ్చుకొను ఇల్లాండ్రు రెండవదానినే ముందుగా పరీక్షింపించుట మంచిది.

వాగు చెడుటకు రైతొక్కడే కారణమనుట అన్యాయము. చంద్రవంక చెన్నకేశవస్వామి గుడిప్రక్కగా మాచెర్ల పట్టణమునుండి వచ్చుచున్నది; పట్టణపు మురుగులోను నత్రజని, భాస్వరములు కలవు. బావిగట్టున వేసిన పెంటకుప్పయు తక్కువది కాదు. అందుకే వాగునీటిని ఒక్కచోట పట్టి చూచిన చాలదు. మాచెర్లకు ఎగువను ఒక సీసా, దిగువను ఒక సీసా, ఎత్తిపోతలకు పైన ఒక సీసా ఒకే దినమున పట్టినచో, ఎవరి భాగమెంతో సీసాలే చెప్పును. అప్పుడు పట్టణమువారిని అడుగుటకు మనకు నోరుండును.

కార్యవర్గమువారి సంకోచమునకు నా సమాధానమిది. బస్తామీద వచ్చు కొద్ది లాభముకొరకు సభ్యునిచేత అక్కరలేని బస్తా కొనిపించుట వర్తకునకు చెల్లవచ్చును. సభ్యుల సొత్తయిన సంఘమునకు చెల్లదు. పంట కుదుటపడి అప్పు సకాలమున తీరినచో సంఘమునకు వచ్చు బలము బస్తా లాభముకంటె గొప్పది. బావి లేని కౌలురైతు గతి యేమని అడుగుదురు. అతడు ఏ బావినీరు వాడునో ఆ బావి ఫలమే అతనికిని వ్రాయవలెను. కాలువనీరు వాడువానికి కాలువనీటి ఫలము. పరీక్షకు పట్టణమునకు పరుగెత్తవలసిన పనియు అన్నిచోట్ల లేదు. జలజీవన పథకము క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పు ఏర్పాటు కలదు; నైట్రేటు, ఫ్లోరైడు చూచు పెట్టెలు వారికొరకే ఉద్దేశింపబడినవి. సంఘము వారికి తగిన కూలి యిచ్చి పని చేయించుకొనవచ్చును. హద్దునకు దగ్గరగా వచ్చిన నీటిని మాత్రము ప్రయోగశాలకు పంపవలెను.

వైశాఖమాసమున వానలకు ముందొకసారి, కార్తికమున వానలు వెనుదీసిన పిమ్మట ఒకసారి నీరు పట్టవలెను. మోటారు అరగంట నడచిన తరువాత పట్టుడు. పురుగుమందు సీసా ఎంత కడిగినదైనను పనికిరాదు. ఎరువు ముట్టిన చేతితో మూత తీయరాదు. అదే నీటితో సీసాను మూడుమారులు తొలిచి, అంచువరకు నింపి, మూత బిగించి, సర్వే నంబరును, బావి లోతును, తేదీని కాగితముమీద వ్రాసి అంటించి, ఎండ తగులనీయక ఆ దినముననే సంఘ కార్యాలయమునకు చేర్చుడు.